ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన కాన్సర్ట్‌లో నేను వినాలనుకున్న ఒక్క లైను వినలేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

ఉక్కునగరం అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మన విశాఖలో కొరియన్ పాటలు వినేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. ప్రాణంగా ఇష్టపడే గాయకుడి కాన్సర్ట్‌కి వెళ్ళి మనసు విరిగి తిరిగొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తర్వాత ఏం చేశారు? ఆ పాటలు మళ్ళీ వినగలిగారా?

జరిగింది చెప్తాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నాకు 28. నాన్న స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్. ఉక్కునగరం క్వార్టర్స్‌లోనే పెరిగాను. నాన్న రిటైరయ్యాక కూర్మన్నపాలెం వచ్చేశాం. నేను పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో చేస్తున్నాను. డిగ్రీ రెండో ఏడాదిలో హాస్టల్ రూమ్మేట్ ఫోన్లో ఒక పాట విన్నాను. ఐదుగురు కుర్రాళ్ళ గ్రూపు. అందులో ఒకరి గొంతు దగ్గర ఆగిపోయాను. అప్పటినుంచి ఇప్పటిదాకా నా బయాస్, అంటే గ్రూపులో నాకు అందరికంటే ఇష్టమైనవాడు, మారలేదు. పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే మాటంతా అతని మీదకి వెళ్ళిపోతుంది, నేను అడిగేది పక్కకి పోతుంది.

2021 మే నెలలో నాన్నకి కోవిడ్ వచ్చింది. 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. సాయంత్రం ఒక్కసారి డాక్టరు బయటికొచ్చి రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేవారు. అమ్మకి కూడా పాజిటివ్, ఇంట్లో ఒక్కతే ఉండేది. తమ్ముడు మందుల కోసం తిరుగుతుంటే నేను హాస్పిటల్ బయట కానుగ చెట్టు కింద కూర్చునేదాన్ని. ఒక చెవిలో ఇయర్‌ఫోన్. లోపలినుంచి మా పేరు పిలుస్తారేమోనని రెండో చెవి ఖాళీగా ఉంచేదాన్ని.

ఆ 11 రోజులూ విన్నది ఒకటే పాట. అతని సోలో. నెమ్మదిగా నడుస్తుంది. రెండో చరణం అయ్యాక వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, గొంతు ఒక్కటే ఒకే ఊపిరిలో పైకి వెళ్తుంది. పైకి వెళ్ళి చివర్లో కొంచెం బొంగురుపోతుంది. రికార్డింగ్‌లో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశారు. ఆ బొంగురు వచ్చేదాకా నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని, వచ్చాక వదిలేదాన్ని. ఆ మాటలకి అర్థం కూడా అప్పట్లో నాకు తెలీదు. తర్వాత యాప్‌లో కొరియన్ అక్షరాలు నేర్చుకుని సొంతంగా చదువుకున్నాను.

గ్రూపులో ఇద్దరు సైన్యానికి వెళ్ళారు. గ్రూపు పని ఆగిపోవడంతో ఇతను సోలో టూర్ మొదలుపెట్టాడు, అందులో సింగపూర్ ఉంది. మనకి వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉండడం దేవుడిచ్చిన వరం అనుకున్నాను. నాలుగు గంటల ప్రయాణమే. లక్ష రూపాయల చిట్టీ వేస్తున్నాను, నెలకి 5 వేలు. పెళ్ళికని అమ్మ వేయించిన చిట్టీ అది. దాన్ని పాడేసుకున్నాను. టికెట్ 248 సింగపూర్ డాలర్లు, అంటే మన డబ్బుల్లో సుమారు 16 వేలు. రానూపోనూ విమానం 19 వేలు. వీసా, లిటిల్ ఇండియాలో రెండు రాత్రులు హాస్టల్లో మంచం, లైట్‌స్టిక్ (కాన్సర్ట్‌లో ఊపే లైటు), తిండి అన్నీ కలిపి 55 వేలు దాటింది. ఇంట్లో ఎవరూ కాదనలేదు. నాన్నే స్కూటర్ మీద ఎయిర్‌పోర్టుకి దింపారు. “జాగ్రత్తమ్మలూ, బాగా చూసి రా” అన్నారు. హాస్పిటల్ బయట నేను ఏం విన్నానో ఆయనకి అప్పటికి తెలీదు.

ఆ రోజు లిటిల్ ఇండియాలో రైలెక్కి, ధోబీ ఘాట్ అనే స్టేషన్లో సర్కిల్ లైనుకి మారి, స్టేడియం స్టేషన్లో దిగాను. అంత దూరం వెళ్ళి మన చాకిరేవు పేరున్న స్టేషన్లో రైలు మారడం భలేగా అనిపించింది. మధ్యాహ్నం రెండుకే అక్కడున్నాను. ఇండోర్ స్టేడియంలో 12 వేలమంది దాకా పడతారు. బయట ఎండలో ఫిలిప్పీన్స్ నుంచి, ఇండోనేషియా నుంచి వచ్చిన అమ్మాయిలు సొంతంగా చేయించిన బ్యానర్లు, ఫోటోకార్డులు ఉచితంగా పంచుతున్నారు. నేను కూడా ఇక్కడినుంచి చిన్న ఏటికొప్పాక లక్క బొమ్మలు 20 తీసుకెళ్ళాను. ఇచ్చిన ప్రతి అమ్మాయీ నన్ను వాటేసుకుంది. ఆ మధ్యాహ్నం గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

కాన్సర్ట్ రెండు గంటల పది నిమిషాలు. అందులో వీసీఆర్‌లే, అంటే అతను బట్టలు మార్చుకునేటప్పుడు స్క్రీన్ మీద వేసే వీడియోలే, నాలుగు. సముద్రం ఒడ్డున నడవడం, కిటికీలోంచి చూడడం, ఇలాంటివి. పాటలు 15. నా సీటు పైవరసలో, కుడిపక్క. అతను వేలెడంత కనిపించాడు. అది నాకు ముందే తెలుసు, అంత టికెట్టే కొన్నాను కాబట్టి దాని గురించి బాధ లేదు. మొదటి మూడు పాటలూ డాన్సు పాటలు. గొంతు అచ్చం ఆల్బమ్‌లో ఉన్నట్టే వచ్చింది. ఎగురుతున్నా ఆయాసం లేదు. అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది. పోన్లే, అలా ఎగురుతూ ఎవరు మాత్రం పాడగలరు అని సర్దుకున్నాను.

పదకొండో పాట అది.

స్టేడియం మొత్తం చీకటి చేశారు. లైట్‌స్టిక్‌లన్నీ ఒక్కసారిగా లేత నీలం రంగులోకి మారాయి. మొదటి చరణం బాగానే ఉంది, నిజంగా పాడుతున్నాడనే అనిపించింది. రెండో చరణం అయింది. వాయిద్యాలు ఆగిపోయాయి. నేను లైట్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. అతను చిరునవ్వు నవ్వి మైకు జనం వైపు తిప్పాడు. జనం కేకలు. ఆ కేకల మధ్యలోంచి గొంతు పైకి వెళ్ళింది. అదే ఊపిరి. చివర్లో అదే బొంగురు, సరిగ్గా ఆల్బమ్‌లో వచ్చిన చోటే. స్క్రీన్ మీద అతని ముఖం ఇంటి గోడంత ఉంది. పెదాలు మూసే ఉన్నాయి.

పక్క సీటు అమ్మాయి ఏడుస్తూ పాడుతోంది. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. మిగతా నాలుగు పాటలూ ఎలా అయ్యాయో సరిగ్గా గుర్తులేదు. చివర్లో ఇంగ్లిష్‌లో “మీవల్లే నేను” అన్నట్టు మాట్లాడాడు. మాట్లాడుతూ మధ్యమధ్యలో కిందికి చూసుకుంటున్నాడు, అక్కడ రాసిపెట్టి ఉన్నట్టుంది.

ఇంటికొచ్చాక అమ్మ “ఏటమ్మీ, తిరునాళ్ళకెళ్ళొచ్చినట్టు ఉంటావనుకుంటే ఇలగున్నావు?” అంది. నిద్ర లేదు అన్నాను. ఫ్యాన్ గ్రూపులో రాశాను. వెంటనే “సోలో టూర్ ఎంత కష్టమో తెలుసా”, “నువ్వు నిజమైన ఫ్యాన్ కాదు” అన్నారు, నా పోస్టు తీసేశారు. ఆఫీసులో చెప్తే “55 వేలు పెట్టి రికార్డు వినొచ్చావా” అంటారు. అందుకే ఎవరితోనూ అనలేక మూడు వారాలుగా లోపలే పెట్టుకున్నాను. ఇప్పుడు ఫోన్లో ఆ పాట వస్తే ఆ లైనుకి ముందే ఆపేస్తున్నాను.

నేను తప్పుగా ఆలోచిస్తున్నానా? అంత ఇష్టపడేవాళ్ళు అంత చిన్న విషయానికి ఇలా అయిపోతారా?

ఎంవీపీ లైట్‌స్టిక్:

అక్కా, చదువుతుంటే నా గొంతు పట్టేసింది. ముందు ఒక మాట. నువ్వు నిజమైన ఫ్యాన్‌వే. కొరియన్ అక్షరాలు నేర్చుకుని ఆ లైను చదువుకున్న మనిషిని కాదనడానికి వాళ్ళెవరు?

నేను రెండు కాన్సర్ట్‌లు చూశాను, ఒకటి గ్రూపుది, ఒకటి సోలో. నాకు అర్థమైనంతలో చెప్తాను. గ్రూపులో ఐదుగురుంటే ఒక పాటలో ఒక్కొక్కరికి వచ్చేది అర నిమిషమో, కాస్త ఎక్కువో. ఒకరు పాడుతుంటే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఒకరు బట్టలు మార్చుకుంటే ఇంకొకరు మాట్లాడతారు. సోలోలో ఆ వెసులుబాటు ఉండదు. రెండు గంటలూ ఒక్కడే. అందుకే అన్ని వీసీఆర్‌లు, అంత మాట్లాడడం. గ్రూపు కాన్సర్ట్ చూసిన కళ్ళతో సోలో చూస్తే ఖాళీగా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

ఇంకోటి. కొరియాలో మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి. ఆర్మీలో అయితే 18 నెలలు. కంపెనీతో కాంట్రాక్టులు చూస్తే మామూలుగా ఏడేళ్ళు. ఈ రెండింటి మధ్య ఎవరికి ఖాళీ దొరికితే వాళ్ళు సోలో ఆల్బమ్, ఆ వెంటనే టూర్. తయారవ్వడానికి తగినంత టైమ్ ఉంటుందని నేననుకోను.

కొరియన్ ఫ్యాన్స్ దీనికి పేర్లు కూడా పెట్టుకున్నారు, నీకు తెలిసే ఉంటుంది. ఎంఆర్ అంటే సంగీతం మాత్రమే రికార్డు, గొంతు నిజంది. ఏఆర్ అంటే గొంతుతో సహా అంతా రికార్డు. అక్కడి ఫ్యాన్సే ఈ విషయంలో చాలా పట్టింపుగా ఉంటారు, టీవీ షోల్లో గెలిచినవాళ్ళు మళ్ళీ పాడే ఎన్‌కోర్ స్టేజీలు చూసి ఎవరు ఎలా పాడారో వాదించుకుంటారు. కాబట్టి నువ్వు అడిగింది గొంతెమ్మ కోరిక కాదు. అదే టూర్‌లో వేరే ఊళ్ళ ఫ్యాన్‌క్యామ్‌లు, అంటే ఫ్యాన్స్ తీసిన వీడియోలు, ఉంటాయి కదా, ఆ పాట వెతికి చూశావా? ఆ లైను ఎక్కడైనా పాడాడా?

నీలిసంద్రం:

ఆ రోజు అతని గొంతు బాగోలేదేమో ఎవరికి తెలుసు? జ్వరంతో కూడా స్టేజీ ఎక్కుతారు వాళ్ళు. షో రద్దు చేస్తే 12 వేలమంది ఏడుస్తారు, చేయకపోతే ఒకరు ఇలా రాస్తారు. 15 పాటలు పాడిన మనిషిని ఒక్క లైను దగ్గర పట్టుకోవడం నాకు న్యాయంగా అనిపించలేదు. మైకు జనానికి ఇవ్వడం కూడా ప్రేమే కదా. బాధపెట్టాలని కాదు, నాకు అనిపించింది చెప్పాను.

ఉక్కునగరం అమ్మాయి:

లైట్‌స్టిక్ చెల్లీ, చూశాను. ఈ మూడు వారాలూ అదే పని. నాలుగు ఊళ్ళ వీడియోలు దొరికాయి. నాలుగింటిలోనూ అదే చోట మైకు జనం వైపు తిప్పాడు. అదే చిరునవ్వు. నేను చూసిన రోజు గొంతు బాగోలేక కాదు, ముందే అలా అనుకున్నారు.

నీలిసంద్రం గారూ, మీ మాట నేనూ వంద సార్లు అనుకున్నాను. అతనికి జ్వరమని తెలిసి ఉంటే ఆ లైను బొంగురుగా పాడినా, సగంలో ఆగిపోయినా నాకు చాలు. అసలు నాకు ఇష్టమైనదే ఆ బొంగురు. మా ల్యాబ్‌లో మిషన్ ఇవ్వని రీడింగ్‌ని వచ్చినట్టు రాస్తే ఉద్యోగం పోతుంది. రీడింగ్ చెడ్డగా వస్తే ఏం కాదు, చెడ్డగా వచ్చిందని రాసి కారణం వెతుకుతాం. ఆ పని చేసీ చేసీ నా మనసు అలా తయారైందేమో. అక్కడ నాకు దొరికింది రాని రీడింగే అనిపిస్తోంది.

మిక్సర్ వెనక:

అమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా సౌండ్ పని చేస్తున్నాను. బీచ్ రోడ్డు స్టేజీలు, యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో ఫంక్షన్లు, సిరిపురం చిల్డ్రన్స్ ఎరీనా, చవితి పందిళ్ళు, చర్చి మీటింగులు, అన్నీ చేశాను. కొరియా వాళ్ళ షో ఎప్పుడూ చేయలేదు. కానీ పని ఎక్కడైనా ఒకటే కాబట్టి మీకు తెలియాల్సిన సంగతులు కొన్ని చెప్తాను.

ఇలాంటి షోలో ట్రాకు, అంటే ముందే రికార్డు చేసి వేసేది, ఒక్కటి కాదు, చాలా పొరలుంటాయి. వాయిద్యాలు ఒక పొర. కోరస్‌లు, గొంతుకి తోడుగా వేసే జంట గొంతు ఇంకో పొర. దాని కింద అసలు పాట గొంతే ఒక పొర, తక్కువ సౌండులో పెట్టి ఉంచుతారు. గాయకుడు ఎగురుతూ ఒక మాట వదిలేస్తే గుంట పడకుండా ఆ కింది పొర కాపాడుతుంది. ఎక్కడ ఎంత పెంచాలో మిక్సర్ దగ్గర మా చేతిలో ఉంటుంది. సినిమా పాటలు పాడే మనవాళ్ళలో కూడా ఇలా చేసేవాళ్ళున్నారు. దాన్ని మోసం అని నేననను, తోడు అంటాను.

ఇంకో సంగతి. దూరంగా కూర్చున్నవాళ్ళు పెదాలు చూసి తీర్పు చెప్పకూడదు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మీరు స్పీకర్లకి 70 మీటర్ల దూరంలో ఉంటే గొంతు మీ చెవికి చేరేసరికి సెకనులో ఐదో వంతు అవుతుంది. వెలుతురుకి ఆ ఆలస్యం లేదు. స్క్రీన్ కూడా తన వంతు కొంచెం అటూఇటూ చేస్తుంది. నిజంగా పాడేవాళ్ళ పెదాలు కూడా పైవరసలోంచి చూస్తే తేడాగా కనిపిస్తాయి. ఈ ఒక్క కారణానికే అనవసరంగా మాటలు పడ్డ గాయకుల్ని చూశాను.

కానీ మీరు చెప్పింది అది కాదు. లైను మొత్తం పెదాలు మూసే ఉన్నాయన్నారు. వాయిద్యాలు లేని చోట గొంతు ఒక్కటే వచ్చిందన్నారు. నాలుగు ఊళ్ళలో అదే జరిగిందన్నారు. అలాగైతే తోడు గొంతు కాదు, అక్కడ ట్రాకే పాడింది.

ఎందుకు చేసి ఉంటారో ఊహించగలను. పాట మొత్తంలో ప్రమాదమైన చోటు అదే. ఒకే ఊపిరి, పై స్థాయి, కింద పట్టుకోవడానికి వాయిద్యం లేదు. పది పాటలు ఎగిరి వచ్చిన గొంతు అక్కడ జారితే వేల ఫోన్లు రికార్డు చేసి పెట్టుకుంటాయి. మన ఆర్కెస్ట్రాల్లో అయితే ముందే గాయకుడు “అన్నా, ఒక శ్రుతి దించు” అంటాడు, కీబోర్డు అతను దించేస్తాడు, అయిపోయింది. అక్కడ అంత సులువు కాదు. లైట్లు, స్క్రీన్ వీడియో, పొగ, ఆఖరికి మీ చేతిలో లైట్‌స్టిక్ రంగు కూడా ఒకే గడియారానికి కట్టి ఉంటాయి. గాయకుడి చెవిలో టిక్కు టిక్కుమని అదే తాళం వినిపిస్తుంటుంది. శ్రుతి దించాలంటే ట్రాకులన్నీ ముందే మళ్ళీ తయారు చేసుకోవాలి.

చేసుకోవచ్చు. చేయలేనిది మాత్రం కాదు. టూర్ మొదలవ్వకముందు రెండు రోజుల పని. ఆ పాటకి ఆ లైనే ప్రాణం అని వాళ్ళకి తెలీదని నేననుకోను. నా పనిలో నేను నమ్మేది ఒకటుంది. ఏ చోట జనం ఊపిరి బిగబడతారో ఆ చోట ట్రాకు కట్ చేయాలి. జారితే జారనీ. ఒకసారి బీచ్‌లో గాలి తిరిగి స్పీకర్ సౌండు మొత్తం సముద్రం వైపు పోతుంటే ఒక ముసలాయన మైకు పక్కన పెట్టి, ముందుకొచ్చి ఉత్త గొంతుతో పాడారు. వెనక వరసలకి ఏమీ వినపడలేదు. అయినా ఒక్కరు కదల్లేదు.

మీరు తప్పుగా ఆలోచించడం లేదమ్మా. మీ చెవి బాగుంది.

నీలిసంద్రం:

సౌండ్ అన్నయ్య రాసింది చదివాక నా మాట కొంచెం తొందరపాటు అనిపించింది. నాలుగు ఊళ్ళ సంగతి నాకు తెలీదు. సారీ అక్కా.

సీతమ్మధార మాస్టారు:

అమ్మాయీ, నాకు కొరియా పాటలు తెలియవు. మా మనవరాలు ఇది చూపించి “తాతయ్యా, నువ్వు చెప్పే కథ ఇలాంటిదే కదా” అంటే రాస్తున్నాను. టైపు చేసింది తనే.

మా నాన్నగారు విజయనగరం సంగీత కళాశాలలో కొన్నాళ్ళు చదువుకున్నారు. 1919లో మొదలైన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అందువల్ల మా ఇంట్లో రేడియో అంటే పూజగది లాంటిది. ఒక విద్వాంసుడి కల్యాణి రాగాలాపన నేను చిన్నప్పటినుంచి రేడియోలో వింటూ పెరిగాను. తారస్థాయిలో ఒక చోట నిలబడేవారు. ఎంతసేపు నిలబడతారో నేను వేళ్ళమీద లెక్కపెట్టేవాణ్ణి. ఆయన పేరు నేనూ చెప్పను, నీ పద్ధతే నాదీ.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయన విశాఖ వచ్చారు. ముందు వరసలో కూర్చున్నాను. కల్యాణి ఎత్తుకున్నారు. అసలు చోటు దగ్గరికి వస్తున్నారు. ఆగిపోయారు. మంచినీళ్ళు తాగి సభవైపు చూసి, “ఈ వేళ నా గొంతు అక్కడికి వెళ్ళదు. అక్కడ ఏముందో వయొలిన్ మీద వినండి” అన్నారు. వయొలిన్ ఆయన అందుకున్నాడు. విద్వాంసులవారు కళ్ళు మూసుకుని తలాడిస్తూ విన్నారు, మాతోపాటు.

నాకు చాలా కష్టం వేసింది. అన్నేళ్ళుగా ఎదురుచూసిన చోటు దక్కలేదు. బస్సెక్కకుండా ఇంటికి నడిచి వచ్చాను. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆయన దాపరికం లేకుండా చెప్పినా నాకు నిరాశ తప్పలేదు. కాబట్టి నిరాశ రావడంలో నీ తప్పు ఏమీ లేదు. అయితే ఆ నిరాశతో నేను ఆయన్ని వినడం మానలేదు. ఎందుకు మానలేదా అని నీ ఉత్తరం చదివాక ఆలోచించాను. ఆయన మా ఎదుట దాచలేదు. నిన్ను బాధపెట్టింది గొంతు అందకపోవడం కాదు, అందినట్టు చూపించడం. ఈ రెండూ ఒకటి కావు. నీ స్నేహితులు రెంటినీ కలిపేసి నిన్ను కోప్పడుతున్నారు.

పాట వినగలవా లేదా అన్నది నేను చెప్పలేను. ఆ చెట్టు కింద విన్నప్పుడు మాత్రం అది అతని గొంతే కదమ్మా.

ఉక్కునగరం అమ్మాయి:

రెండు రోజులు షిఫ్టు వల్ల రాలేకపోయాను. అందరికీ పేరుపేరునా చెప్పాలని ఉంది.

మిక్సర్ అన్నా, మీరు దూరం గురించి రాసింది చదివి నా సీటు ఎక్కడో మళ్ళీ మ్యాపులో చూసుకున్నాను. మొదటి మూడు పాటల గురించి నేను అనుమానపడింది తప్పయ్యుండొచ్చు. అది ఒప్పుకుంటున్నాను. ఆ లైను విషయంలో మాత్రం నా మాట మారదు, మీరూ మార్చమనలేదు. రెండు రోజుల పని అన్నారు చూడండి, అక్కడ నాకు ఏడుపొచ్చింది. సింగపూర్‌లో రానిది ఇక్కడ వచ్చింది. అది కుదరని పని అనుకుని ఇన్నాళ్ళూ అతని తరఫున నాకు నేనే సమాధానాలు చెప్పుకున్నాను.

మాస్టారూ, మీ మనవరాలికి నా థ్యాంక్స్ చెప్పండి. దాచడం అన్న మాట నాకు దొరకక మూడు వారాలు తిరిగాను.

నీలిసంద్రం గారూ, సారీ ఎందుకండీ. మీరన్నది కూడా ప్రేమతోనే అన్నారు.

లైట్‌స్టిక్ చెల్లీ, నీకో సంగతి చెప్పాలి. వచ్చే ఆల్బమ్‌కి ముందుగా డబ్బు కట్టి ఉన్నాను, దాన్ని వెనక్కి తీసుకున్నాను. ఫోటోకార్డులు, పోస్టర్లు అలాగే ఉన్నాయి, తీయలేదు. గ్రూపు మళ్ళీ ఐదుగురూ కలిసి వస్తే వెళ్తానా అంటే ఇవాళ్టికి నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నం ఫిలిప్పీన్స్ అమ్మాయి ఇచ్చిన బ్యానర్ మాత్రం గోడకి పెట్టాను.

నిన్న రాత్రి నాన్నకి చెప్పాను. మొత్తం, చెట్టు దగ్గర్నుంచి. ఆయన డాబా మీద పడక వేసుకుంటున్నారు. ఆ 11 రోజుల గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేను బయట ఏం చేసేదాన్నో ఆయన ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పాట వెయ్యమన్నారు. వేశాను. ఆ లైను ముందు నా వేలు అలవాటుగా ఆపబోయింది. “ఉండనీ” అన్నారు. ఉండనిచ్చాను. నాలుగేళ్ళలో మొదటిసారి రెండు చెవులతో విన్నాను దాన్ని. బొంగురు వచ్చింది.

అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు, “అక్కడ మైకు మీవైపు తిప్పాడన్నావు కదా, మరి నువ్వు పాడావా?”

“నేను వినడానికి వెళ్ళాను నాన్నా” అన్నాను.